మీరు ఆడని సీడీలు

ఏమండీ,

మీరు పోయి నేటికి ఏడాది. పొద్దున గుణదల మాత గుడిలో మీ పేరున పూజ పెట్టించి వచ్చి, మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. బీరువా నిండా గేమ్ సీడీలు కొనిపెట్టి, సగం కూడా ఆడకుండా వెళ్ళిపోయారు. పారేయడానికి చెయ్యి రాక, మిగిలినవన్నీ వరసగా నేనే ఆడుతున్నాను. కార్ల పందెంలో నా కారు ఎప్పుడూ గోడకే గుద్దుకుంటుంది. ఈ వయసులో నాకిదేం ఖర్మండీ?

"ఆడనివి ఇన్నుండగా మళ్ళీ ఎందుకు కొన్నారండీ?" అని విసుక్కుంటే, "అన్నీ ఆడేస్తే రేపటికేం మిగులుద్దే?" అనేవారు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండేది.

మొన్నటికి మీ సీడీల్లో ఒక్కటే మిగిలింది. దాన్ని తెరవలేదు. నిన్న బెంజ్ సర్కిల్ వెళ్ళి ఇంకో నాలుగు కొనుక్కొచ్చాను.