ఎడమ తలుపు స్పీకరు

చినదొడ్డిపాలెం,
(పాలకొల్లు దగ్గర)
5 ఫిబ్రవరి 2001

పూజ్యులైన మావయ్యగారికి,

మీ మేనల్లుడి భార్య కృపారాణి వందనాలు చెప్పి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేము బాగానే ఉన్నాం. అత్తయ్యగారి మోకాలి నొప్పి తగ్గి ఉంటుందని తలుస్తాను. పెళ్ళయి ఏడాది దాటినా మీకు ఒక్క ఉత్తరమైనా రాయలేదని కోపం పెట్టుకోకండి. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. తెలుగు మాస్టారుగా చేసిన మీకు రాయాలంటే రెండు కాగితాలు చింపాల్సి వచ్చింది.

ఆయన పాత పికప్ మీద మండపేట మిల్లుల నుంచి తవుడు తెచ్చి మా వైపు చేపల చెరువులకు వేస్తున్నారు. బండి పాతదే గాని ఇంజను గట్టిది.

బాధల్లా స్పీకర్లతోనే. మొదటినుంచీ ఉన్న 2 స్పీకర్లూ అరిగిపోయాయి. కుడివైపుది ఎంత మంచి పాటైనా తుమ్మబోయి ఆగినట్టు పాడుతుంది. ఎడమవైపుది అసలు నోరే విప్పదు. చెవిలో మాటో పాటో పడకపోతే ఆయనకు కూర్చున్నచోటే కునుకు వచ్చేస్తోంది. మొన్న నేను పక్కనే ఉన్నాను. ఆయన తల ముందుకు వాలిపోయింది. అరుద్దామంటే నాకు గొంతు రాలేదు. చెయ్యి పట్టుకుని లాగాను. ఇలాగే సాగితే ఆయన నాకు దక్కరేమోనని భయంగా ఉంది.

పాలకొల్లులో దొరికే స్పీకర్లు నాలుగు రోజులు మాట్లాడతాయి, తర్వాత గొంతు మార్చేస్తాయట. రాజమండ్రిలో అయితే మంచివి దొరుకుతాయని అందరూ అంటున్నారు. దయచేసి 2 చూసి పంపించండి. ఆయనకు మాత్రం తెలియనివ్వకండి. అడిగితే నాకేం నిద్ర రావడం లేదంటారు. ఎదురు చెప్పడం నాకు చేతకాదు.

ఇట్లు
మీ కోడలు
కృపారాణి

తా.క. పాటలు బాగా పాడేవి చూడండి. ఊరికే గీపెట్టేవి వద్దు.


రాజమండ్రి,
12 ఫిబ్రవరి 2001

ప్రియమైన కోడలు కృపారాణికి ప్రభువు పేరిట దీవెనలు.

నీ ఉత్తరం మీ అత్తయ్యకు రెండుసార్లు చదివి వినిపించాను. "ఆయన నాకు దక్కరేమో" అన్నచోట ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. భర్త ఆత్మ గురించి ఇంత బెంగపెట్టుకున్న పిల్లను మా ఎజ్రా చేసుకున్నందుకు నాకు గర్వంగా ఉంది. వాడు చిన్నప్పుడూ అంతే. పాస్టరుగారు బైబిలు తెరవగానే వీడు కళ్ళు మూసేవాడు. ప్రార్థన చేస్తున్నాడనుకుని మా అక్క మురిసిపోయేది.

మీ గుడిలో ఆడవాళ్ళూ మగవాళ్ళూ పక్కపక్కనే కూర్చుంటున్నారని నీ ఉత్తరం వల్లే తెలిసింది. కాలం మారింది, ఏం చేస్తాం.

ఒక్క దిద్దుబాటు. స్పీకర్లు "మాట్లాడతాయి", "దొరుకుతాయి" అని రాశావు. అది అవమానం. "మాట్లాడతారు", "దొరుకుతారు" అనాలి. "అవి" కాదు, "వారు". చదువు తక్కువ కాబట్టి ఈసారికి వదిలేస్తున్నాను. ఇకముందు ఏ స్పీకరునైనా "గారు" పెట్టే రాయి.

నీకు తగినవారిని ఇద్దరిని చూశాను. ఒకరు దేవసహాయం గారు. ఈ గట్టున మాట్లాడితే కొవ్వూరులో వినబడుతుంది. రెండోవారు చిట్టియ్య గారు. మెత్తని గొంతు, పాటకు పెట్టింది పేరు. ఇద్దరూ కలిసి అందుకుంటే ఎజ్రా కాదు, వాడి తాత అయినా నిద్రపోలేడు. వాడికి తెలియనివ్వద్దన్నావు, మంచి ఆలోచన. తెలిస్తే ఆ రోజు ఊళ్ళోనే ఉండడు.

వారిని ఎక్కడ ఉంచుతారో వెంటనే రాయి. దేవసహాయం గారికి రొయ్యలు పడవు. అది మరచిపోకు.

నీ క్షేమం కోరే
రాజరత్నం
రిటైర్డు తెలుగు మాస్టారు, ఉజ్జీవ సభల కార్యదర్శి

తా.క. చిట్టియ్య గారు పొద్దున్నే కాసేపు వేడెక్కితే గాని గొంతు విప్పరు. అది వారి అలవాటు. కంగారు పడవద్దు.


చినదొడ్డిపాలెం,
19 ఫిబ్రవరి 2001

పూజ్యులైన మావయ్యగారికి కోడలు కృపారాణి వందనాలు.

మీ ఉత్తరం ఆయన కంటపడకుండా బియ్యం డబ్బాలో దాచాను. నా తప్పు దిద్దినందుకు చాలా సంతోషం. మన జిల్లాల్లో అందరికీ గారు పెడతామని తెలుసు గాని, స్పీకర్లకు కూడా పెట్టాలని ఇప్పుడే తెలిసింది. ఈ ఉత్తరంలో అంతా "వారు" అనే రాస్తున్నాను. దిద్ది చూడండి.

ఫిలిప్స్ గారి పేరు మా ఇంట్లో రేడియో ఉన్నప్పటి నుంచీ తెలుసు. దేవసహాయం గారి పేరు, చిట్టియ్య గారి పేరు మా వైపు ఎవరూ వినలేదు. మీరు విని చూసి ఎంచారు కాబట్టి మంచివారే అయి ఉంటారు.

వారిని ఉంచడానికి వేరే చోటు అక్కర్లేదండి. తలుపుల్లోనే ఉంటారు. ఒకరు కుడి తలుపులో, ఒకరు ఎడమ తలుపులో. మెకానిక్ బుల్లియ్య గారు వచ్చి బిగిస్తారు. గట్టిగా బిగించకపోతే దారిలో ఊగిపోయి గరగరలాడతారట. వానకు తడవకుండా లోపలివైపు ప్లాస్టిక్ కాగితం కప్పుతాను.

రొయ్యలు పడవని రాసి మంచిపని చేశారు. చెరువుల దగ్గర ఉప్పు గాలికి మా పాతవారు కూడా తుప్పు పట్టారు. కుడివైపువారిని ఒకసారి విప్పి చూస్తే ఎలక కొరికి ఉంది.

ఒక్క సంగతి. దేవసహాయం గారు, చిట్టియ్య గారు ఎంత లావు ఉంటారో కొలిచి రాయండి. మాకున్న కంత ఆరంగుళాలే. అంతకు మించితే తలుపు కోయాలి.

ఇట్లు
మీ కోడలు
కృపారాణి

తా.క. పాతవారిని పారెయ్యమంటారా, మీకేమైనా పనికొస్తారా? బుల్లియ్య గారైతే పాత ఇనప సామాన్ల వాడికి ఇచ్చేయమంటున్నారు.


రాజమండ్రి,
26 ఫిబ్రవరి 2001

కృపారాణికి,

దీవెనలు. నీ ఉత్తరం చదివి ఒక పూట అన్నం తినలేకపోయాను. వ్యాకరణంలో ఒక్క తప్పు లేదు. మిగిలినదంతా తప్పే.

ఊరికి వచ్చిన దైవసేవకులను గుమ్మాల్లో నిలబెట్టి, వాన వస్తే ప్లాస్టిక్ కాగితం కప్పుతారా. ఊగుతారని బిగించడానికి ఆ బుల్లియ్య ఎవరు. ప్రసంగం చేసే మనిషి కాస్త ఊగుతాడు, అది ఆవేశం. ఇంతకుముందు వచ్చిన ముసలివాళ్ళిద్దరికీ ఎలక కరిస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి గాని ఇనప సామాన్ల వాడికి ఇస్తారా. ఇదంతా నీ తప్పు కాదని నాకు తెలుసు. ఊళ్ళో పెద్దలే అలా ఉంటే చిన్నపిల్లవు నువ్వేం చేస్తావు.

నడుము కొలత అడిగావు. ఎందుకో నాకు అర్థం కాలేదు గాని, కోడలు అడిగింది కాబట్టి మీ అత్తయ్య చేత కొత్త చొక్కా కుట్టిస్తామని చెప్పించి కొలిపించాను. చిట్టియ్య గారు ముప్ఫై. దేవసహాయం గారు నలభై నాలుగంగుళాలు. ఆరంగుళాల సందులోంచి ఆయన చెయ్యి కూడా దూరదు.

ఇక ఉత్తరాలతో పని కాదు. వచ్చే శుక్రవారం, మార్చి తొమ్మిదిన, మధ్యాహ్నం బస్సుకు ఇద్దరినీ నేనే పాలకొల్లు తీసుకొస్తున్నాను. ఎజ్రాను పికప్ తీసుకుని బస్టాండుకు రమ్మను. ఎందుకో చెప్పకు. మీ పాస్టరుగారికి నేను విడిగా రాశాను.

రాజరత్నం

తా.క. మీ ఊళ్ళో బిగించే అలవాటు ఉందని దేవసహాయం గారితో నోరుజారి అన్నాను. అప్పటినుంచీ ఆయన కొంచెం దిగులుగా ఉన్నారు.


చినదొడ్డిపాలెం,
18 మార్చి 2001

పూజ్యులైన మావయ్యగారికి కోడలు కృపారాణి వందనాలు.

మీరు క్షేమంగా ఇల్లు చేరారని తలుస్తాను. ఈ ఉత్తరం కూర్చుని చదవండి. అత్తయ్యగారికి మీరు ముందు చదివాక వినిపించండి.

మావయ్యగారూ, నేను అడిగిన స్పీకర్లు మనుషులు కారండి. పికప్ తలుపుల్లో ఉంటాయి కదా, క్యాసెట్టు పెడితే పాడేవి, అవి. ఆయనకు నిద్ర వచ్చేది గుడిలో కాదు, బండి తోలేటప్పుడు. మొదటి ఉత్తరంలో "బండిలో" అన్న ఒక్క మాట రాయలేదు. స్పీకర్లంటే బండివి కాక ఇంకేం ఉంటాయి అనుకున్నాను. మీరు స్పీకర్లంటే ప్రసంగీకులు కాక ఇంకెవరు ఉంటారు అనుకున్నారు.

మీ ఆఖరి ఉత్తరం ఆయన కంటపడుతుందని కొలతా బస్సు సంగతీ మాత్రం చూసి డబ్బాలో దాచేశాను, మిగతాది మీరు వచ్చిన రాత్రే చదివాను. నలభై నాలుగంగుళాలని చూసి, మావయ్యగారు పెళ్ళిపందిట్లో పెట్టే పెద్ద పెట్టె తెస్తున్నారు కాబోలు, వెనక కట్టుకుపోదామని మోకు తీసుకొచ్చాను. దేవసహాయం గారు బస్సు మెట్టు మీదే ఆగిపోయి నా చేతిలో మోకు వంక ఎందుకు చూశారో ఇప్పుడు మీకు తెలిసి ఉంటుంది. "వీరేనమ్మా నీ స్పీకర్లు" అని మీరు చూపిస్తే నేను వారి వెనక అట్టపెట్టెలు ఉన్నాయేమోనని వెతికాను. అప్పుడే చెప్పి ఉండాల్సింది. మోకు కొంగు చాటుకు లాక్కున్నాను.

ఆ రాత్రి గుడిలో సభ బాగానే జరిగింది. చిట్టియ్య గారి పాటకు మా వీధంతా వచ్చింది. మీ మేనల్లుడు గారు మాత్రం మొదటి పాటకే నిద్రపోయారు. దేవసహాయం గారు గట్టిగా అన్నప్పుడల్లా కళ్ళు మూసుకునే ఆమెన్ అన్నారు. మీరు కూడా చూశారు.

మర్నాడు మిమ్మల్ని ముగ్గురినీ బస్సెక్కించాక ఆయన తవుడుకు మండపేట బయల్దేరారు. నేనూ ఎక్కి కూర్చున్నాను. మిల్లు దగ్గర అన్నం తిని బస్తాలు వేసుకుని తిరిగొస్తున్నాం. సిద్ధాంతం వంతెన దాటి పెనుగొండ వైపు తిరిగాక ఆయన తల వాలడం మొదలైంది. ఎడమవైపు కాలవ నిండా నీళ్ళు. చెయ్యి పట్టుకుని లాగితే బండి ఎటు పోతుందో తెలియదు. ఏదో ఒకటి మాట్లాడాలి. నోటికి వచ్చిందే అనేశాను.

"ఏమండీ, నేను దేవసహాయం గారి నడుము కొలత అడిగానండి."

ఆయన కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. "ఎందుకు?" అన్నారు.

"తలుపులో పెడదామనండి."

ఆయన బండి పక్కకు తీసి ఆపేశారు. నేను మొదటి ఉత్తరం నుంచీ అంతా చెప్పాను. బిగించడం, ప్లాస్టిక్ కాగితం, ఎలక, ఇనప సామాన్లు, చొక్కా కుట్టిస్తామన్న అబద్ధం, మోకు. ఆయన స్టీరింగు మీద తలపెట్టి నవ్వారు. వెనక వచ్చే లారీ వాళ్ళు ఆగి, మనిషికి ఏమైందమ్మా అని అడిగారు. మళ్ళీ బయల్దేరాక కూడా, తర్వాత మావయ్య ఏమన్నాడు, అత్తయ్య ఏమంది అని అడుగుతూనే ఉన్నారు. నేను చెబుతూనే ఉన్నాను. ఇల్లు చేరేసరికి నా గొంతు బొంగురుపోయింది. పెళ్ళయ్యాక నేను అంతసేపు మాట్లాడటం అదే మొదలు. ఆమధ్య నేను చెయ్యి పట్టుకుని లాగినప్పుడు బండి గట్టు అంచుదాకా పోయిందని అప్పుడు ఆయన తనంతట తనే ఒప్పుకున్నారు. ఇక నిద్ర వస్తే దాచనని, బండి ఆపుతానని నా చెయ్యి పట్టుకుని చెప్పారు.

సోమవారం ఆయనే పాలకొల్లు వెళ్ళి కొత్త స్పీకరు తెచ్చారు. ఒక్కటే తెచ్చారు. బుల్లియ్య గారు కుడి తలుపులో బిగించి, ఎడమదానికి కూడా తేవాలి కదండీ, జతగా ఉంటేనే బాగుంటుంది అన్నారు.

"ఎడమవైపున్నది బాగానే మాట్లాడుతోంది" అన్నారు ఆయన.

బుల్లియ్య గారు ఎడమ తలుపుకు చెవి ఆనించి చూశారు. చాలాసేపు చూశారు. ఏమీ వినబడటం లేదండి అన్నారు. నేను అప్పటికే ఎక్కి ఆ పక్కనే కూర్చుని ఉన్నాను.

"పరాయివాళ్ళ ముందు మాట్లాడదులే" అని ఆయన బండి తీశారు.

ఇప్పుడు మండపేట వెళ్ళిన ప్రతిసారీ నన్ను తీసుకెళ్తున్నారు. కుడివైపు క్యాసెట్టు పాడుతుంటే, సగంలో దాన్ని తగ్గించేసి నన్ను చెప్పమంటున్నారు.

ఇట్లు
మీ కోడలు
కృపారాణి

తా.క. పైన "మాట్లాడుతోంది" అని ఉన్నచోట ఎర్రసిరా తీయకండి మావయ్యగారూ. అది ఆడమనిషికి కూడా సరిపోతుందని బళ్ళో చెప్పారు.