శివలీలక్క పెన్సిల్ రాతలు

శివలీలక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి రెండేళ్లు. నీకు నచ్చే ముచ్చట ఒకటి జరిగింది, అందుకే రాస్తున్నాను.

మనం గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న నవలల అంచుల్లో నువ్వు పెన్సిల్‌తో నీకు తోచింది రాసేదానివి. వాపసు ఇచ్చేముందు నేను రబ్బరుతో తుడిచేదాన్ని. తుడిచేముందు మాత్రం పుస్తకం పేరు, పేజీ నంబరుతో సహా నా నోటుబుక్కులో ఎక్కించేదాన్ని. "నా తిట్లు గూడ దాస్తవా పిల్లా?" అని నవ్వేదానివి.

ఝరాసంగం అమ్మాయి మమత హైదరాబాద్‌లో యూనివర్సిటీలో చదువుతోంది. ఆడవాళ్లు నవలలు ఎలా చదివారన్నదే ఆమె పరిశోధన. మొన్న మా ఇంటికొచ్చి ఆ నోటుబుక్కు తిరగేస్తూ, "గింత ఏడ్చే బదులు తలుపు తీస్కొని పోవచ్చు గద" అన్న నీ మాట దగ్గర ఆగి పడీపడీ నవ్వింది.

"ఆంటీ, ఇది నాకు కావాలె. పేరు లేకుండ 'ఒక పాఠకురాలు' అని రాస్త," అంది.

నీ పేరు పెళ్లిపత్రిక మీద తప్ప ఇంకెక్కడా అచ్చు కాలేదు కదా.

"పేరు పెడితెనే ఇస్త. లేకుంటె నోటుబుక్కు ఈడనే పెట్టి పో," అన్నాను.

"జర ఆగుండ్రి ఆంటీ, మా సార్‌ను అడుగుత."

పొద్దున ఫోన్ చేసింది. సార్ ఒప్పుకున్నారట. నీ పేరు, ఊరు రెండూ వేస్తారట.

ఆ సంతోషంలో గ్రంథాలయానికి వెళ్లి కొత్త నవల తెచ్చుకున్నాను. నలభయ్యో పేజీలో కథానాయకుడు భార్యకు నీతులు చెప్తుంటే, అంచున పెన్సిల్‌తో "ఇగ చాలు తియ్" అని రాశాను.

రేపు వాపసు ఇస్తాను. తుడవను.

నీ పక్కింటి
సుజాత