ఒక బావి, రెండు మోటార్లు

1986 జనవరి 9

ఇవాళ్టిది రాయకుండానే పడుకునేవాణ్ణి. ఊళ్ళోకి జీపు రావడం కూడా రాసే సంగతేనా అనిపించింది. ఎరువుల దుకాణంవాళ్ళు ఊరికే ఇచ్చిన డైరీ ఇది, పేజీ ఖాళీగా వదిలితే వాళ్ళేమీ అడగరు. కానీ జీపు ఆగింది మా బావి దగ్గర. పొత్తుల బావి — నాదీ, తమ్ముడు యాదగిరిదీ. ముగ్గురు దిగారు. ఒక పెద్ద ఇనుప డ్రమ్ము దించారు. ఖాళీది. ఖాళీ డ్రమ్ముతో వచ్చిన సర్కారు మనిషి ఏదో ఒకటి నింపుకునే పోతాడు.

బావిలోకి తొంగి చూశారు. మోటార్ల చుట్టూ తిరిగారు. మళ్ళీ వస్తామని పోయారు.

జనవరి 10

మళ్ళీ వచ్చారు. అన్న మాట నిలబెట్టుకున్నారంటేనే అనుమానం.

వాళ్ళలో పెద్ద మునీర్ సారు. హన్మకొండ. ఇంజనీరు. వయసులో చిన్నవాడే, మర్యాద తెలిసినవాడు — చెప్పులు గట్టు మీద విడిచి వచ్చాడు.

"కరెంటు దుబారా అయితాంది పెద్దయ్యా. తుప్పు పట్టిన పైపులు, వంకర్లు, పైపు అడుగున పాత ఫుట్‌వాల్... మోటారు గుంజుడే గుంజుడు, నీళ్ళు మాత్రం సన్నధార. తక్కువ కరెంటుతోని ఎక్కువ నీళ్ళు ఎట్ల తియ్యాల్నో పరీక్ష చేస్తానం. పైసలు సర్కారియే. మీకు ఖర్చు లేదు. ఫికర్ చెయ్యకుండ్రి."

ఖర్చు లేదు... ఫికర్ అక్కడే మొదలైంది.

మా నాయన చెప్పేవాడు. నిజాం కాలంలో ఒక సర్కారు అమీను ఊరికి వచ్చి, ఎవరి గొర్రె బలిసిందో చూసి బహుమతి ఇస్తానన్నాడట. ఊళ్ళోవాళ్ళు కడిగి, కొమ్ములకు నూనె రాసి మరీ తోలుకొచ్చారు. అమీను అన్నీ చూశాడు, మెచ్చుకున్నాడు. బలిసిన గొర్రె ఎవరింట్లో ఉందో తెలిసిపోయింది కదా, ఇక బహుమతి ఎందుకు? ఆ దసరాకు అమీను ఇంట్లో విందు.

అడిగాను: "మిగిలిన కరెంటు ఎటు పోతది సారూ?"

"మిగిలితే అందరికి పెద్దయ్యా."

అందరికీ అన్న మాట వినబడగానే నా చెయ్యి దానంతట అదే జేబు తడుముకుంటుంది.

జనవరి 16

యాదగిరి మోటారును ఎంచారు. నాది కాదు. ఎందుకని అడిగితే సారు చెప్పిన కారణం — "మేం చూసినవాట్ల అన్నిటికన్న అధ్వాన్నమైంది గదే."

అధ్వాన్నానికి బహుమతి ఇవ్వడం ఈ వయసులో మొదటిసారి చూస్తున్నాను. వాడేమో మీసం దువ్వుతున్నాడు. మొన్న సర్పంచి ఇంటి వైపు నుంచి వస్తూ కనబడ్డాడు. ఊరికే వచ్చాడా...

"నీకు రాలేదని కడుపుమంట" అంది లచ్చమ్మ. కట్టుకున్నది, ఆమెకు తెలుస్తుంది. కడుపుమంట కాదు. కొంచెం ఉంది.

బావి ముందరి మడిలో నాటు అయిపోయింది. ఈ యాసంగి అంతా ఆ వరి మీదే. ఏడాది తిండి.

జనవరి 22

యాదగిరి పాత ఇనుప గొట్టాలు ఊడబీకారు. లోపల తుప్పు చూస్తే ముసలివాడి పళ్ళలా ఉంది. వాటి బదులు తెల్లటి వెడల్పు ప్లాస్టిక్ పైపు, వంకర లేకుండా నిటారుగా దించారు. మోటారు పాతదానికన్నా చిన్నది. జనం మూగారు. "గిది మోటారా, పిండిగిర్ని పిల్లనా?" అని ఎవరో అంటే అందరం నవ్వాం. నేను కొంచెం గట్టిగానే.

స్విచ్చి వేశారు. నవ్వు ఆగిపోయింది. తొడ లావు ధార. కాలువ పట్టలేక పొర్లింది. తమ్ముడి భార్య కొమురమ్మ మోటారుకు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టింది. సారు గడియారం పట్టుకుని డ్రమ్ము ఎంతసేపట్లో నిండుతుందో చూశాడు. ఫోటో తీశారు. ఫోటోలో నేను లేను — డ్రమ్ము ఉంది.

జనవరి 22

నా వంతు. మోటారు వేసుకుంటే సారు వచ్చి నా నీళ్ళు కూడా డ్రమ్ముతో కొలిచాడు.

"నాది మార్చనోళ్ళు నాది ఎందుకు కొలుస్తాండ్లు?"

"ఊర్కెనే పెద్దయ్యా."

ఊరికే అట.

ఫిబ్రవరి 2

జీపు వారానికొకసారి వస్తోంది. యాదగిరి నీళ్ళూ కొలుస్తారు. నావీ కొలుస్తారు. నాతో మాట్లాడరు.

ఫిబ్రవరి 6

యాదగిరి పడావు పడ్డ చెలకను దున్ని నువ్వులు చల్లాడు. మా నాయన పోయినప్పటి నుంచీ నీళ్ళు చూడని నేల అది. ఇప్పుడు వాడి నీళ్ళు అక్కడిదాకా పోతున్నాయి. కంది చేనుకు పోతూ అటు తిరిగి చూశాను. తడి మట్టి వాసన. మంచి వాసనే. అదే బాధ.

ఫిబ్రవరి 12

ఇవాళ నా వంతు. పొద్దు నడినెత్తికి రాకముందే మోటారు గాలి పీల్చడం మొదలుపెట్టింది. బావిలోకి చూస్తే ఫుట్‌వాల్ బయటపడి ఉంది, నోరు తెరిచిన చేపలా. మడి సగం కూడా తడవలేదు.

ఈ బావి ఇంత త్వరగా ఎండడం కరువు ఏటనే చూశాను. ఇది కరువు కాదు. వానలు బాగానే పడ్డాయి.

ఫిబ్రవరి 14

మళ్ళీ అదే.

ఫిబ్రవరి 16

మళ్ళీ. ఒక్కటే కారణం ఉంటుంది. నా వంతు నాడు నేను రాకముందే వాడు వేస్తున్నాడు. చిన్నప్పుడు నా జొన్నరొట్టె కూడా ఇలాగే మాయమయ్యేది. పిల్లి అనేవాడు.

ఫిబ్రవరి 24

యాదగిరి, కొమురమ్మ, పిల్లలు — అందరూ బండి కట్టుకుని మేడారం జాతరకు పోయారు. వాడి మోటారు ఆగింది.

బావి నిండుతోంది.

ఫిబ్రవరి 27

మూడు మెట్లు మునిగాయి. నా వంతు నాడు పొద్దుగూకేదాకా పారింది. మడి కడుపునిండా తాగింది. వాడి వంతు నాడు నేను మోటారు ముట్టలేదు. రేపు ఎవరైనా అంటారేమో, ఇక్కడ రాసిపెడుతున్నాను.

వాడు ఊళ్ళో లేకపోతే నీళ్ళున్నాయి. ఉంటే లేవు. ఇంక రుజువు ఏం కావాలి?

మార్చి 2

వచ్చారు. కొమురమ్మ బంగారం తెచ్చి ఇచ్చింది. అమ్మవారికి పెట్టిన బెల్లం, కాదనకూడదు. కళ్ళకద్దుకుని తిన్నాను. తియ్యగానే ఉంది. మనసులో మాట మనసులోనే.

మార్చి 4

నా వంతు. తెల్లవారకముందే వెళ్ళి గడ్డివాము వెనక కూర్చున్నాను. దొంగను పట్టుకోవాలని. ఎవరూ రాలేదు. ఒక ముంగిస వచ్చింది. నన్ను చూసి సిగ్గుపడి పోయింది. నేను మోటారు వేశాక ఎప్పటిలాగే నడిమధ్యాహ్నానికి గాలి.

మార్చి 5

వాడి వంతు. పొద్దు వాలాక కూడా ఆపకుండా నడుపుతాడేమోనని మళ్ళీ గడ్డివాము వెనక. పొద్దు ఇంకా ఉండగానే ఆపేశాడు. నేను లేచేలోపు నెత్తి మీద నిలబడ్డాడు.

"అన్నా, ఏం చేస్తానవ్ ఈడ?"

"ఎండ ఎక్కువున్నది. నీడకు కూసున్న."

"వాము నీడ అటు దిక్కున్నది గదనే."

నిజమే. నేను ఎండలోనే కూర్చున్నాను.

దాచలేకపోయాను. "నా వంతు నీళ్ళు ఎటు పోతానయి?" అన్నాను. వాడి ముఖం ఇటుకలా అయింది. "దొంగనంటానవా? అమ్మోరి మొక్కు తీర్చుకొని వచ్చిన నోటితోని చెప్తాన, నీ రోజు నేను స్విచ్చి ముట్టలే. ఒక్క నిమిషం ముట్టలే." ఇంకా అన్నాడు. నేనూ అన్నాను. నాయన పేరు వచ్చింది. మంగళసూత్రం తాకట్టు నాటి మాట వచ్చింది. రాయను.

మార్చి 6

కొమురమ్మ కూర గిన్నె పంపలేదు. లచ్చమ్మ కూడా పంపలేదు. రెండు పొయ్యిల మీదా ఒకే వంకాయ ఉడుకుతోంది, వాసన ఇటూ అటూ తెలుస్తోంది.

మార్చి 8

గొర్రు చెక్కుతూ కూర్చున్నాను. చేతులు పనిలో ఉంటే బుర్ర తిన్నగా నడుస్తుంది.

తాత కాలంలో ఈ బావి మీద రెండు మోటలు. ఒకరోజు ఒక పాలివాడి ఎడ్లు, మర్నాడు ఇంకొక పాలివాడి ఎడ్లు. రోజుకు ఇన్ని బొక్కెనలని ఎవరూ గీత గీయలేదు. అక్కర లేకపోయింది. ఎడ్లు అలసిపోతాయి. అలసిన చోట ఆపుతారు. రాత్రికి ఊట ఊరుతుంది. తెల్లారేసరికి రెండోవాడికి బావి ఉంటుంది. రోజు అంటే ఎడ్ల అలసట, అంతే. తర్వాత ఇద్దరం మోటార్లు పెట్టుకున్నాం. రెండూ చెత్తవే. రెండూ సన్నధారే. అందుకే వంతు చెల్లింది.

ఇప్పుడు వాడి మోటారు అలసిపోదు.

యాదగిరి నా రోజు ముట్టలేదు. వాడి రోజులోనే, నా రోజుకు ఊరాల్సిన నీళ్ళు కూడా బయటికి వచ్చేస్తున్నాయి. వాడు దొంగ కాదు. దొంగ లేడు. దొంగ లేని దొంగతనానికి ఎవరి మీద కోపం పెట్టుకోవాలి?

వాడికి చెప్పాలా... చెబితే క్షమించమన్నట్టు ఉంటుంది.

మార్చి 10

హన్మకొండ పోయాను. మునీర్ సారు ఆఫీసు పైఅంతస్తులో. ఫ్యాను గిర్రున తిరుగుతోంది. కరెంటు మిగిల్చే ఆఫీసు కదా, మనుషులు లేని గదిలో కూడా ఫ్యాను. చెప్పాను ఆయనకు. ఆపేశాడు — ఫ్యాను. చాయ్ తెప్పించాడు.

"సారూ, నాకూ ఆ పైపు పెట్టుండ్రి. లేకుంటే ఆనిది తీసెయ్యుండ్రి."

ఫైలు తెరిచి చూశాడు. "మార్చి అయిపోయేదాక ఏదీ కదిలించరాదు పెద్దయ్యా. నిధులు ఈ పరీక్ష వరకే మంజూరైనయి."

"మరి నాది?"

"మీది పాతదే ఉండాలె. మీది కూడ మార్చితె దేనితోని పోల్చాలె? ఒకే బావి, ఒకే లోతు, ఒకే ఊట. ఒకటి కొత్తది, ఒకటి పాతది. గింత మంచి జోడి జిల్లాల ఇంకోతాన దొరకలె."

చాయ్ గ్లాసు కింద పెట్టాను. ఊరికే అన్నదాని అర్థం ఇదీ. వాడి మోటారు పరీక్షలో ఉంది. నా మోటారు కూడా పరీక్షలోనే ఉంది. ఒకడిని అడిగి పెట్టారు, ఒకణ్ణి అడగకుండా.

"నా వరి పొట్టకచ్చింది సారూ. ఇప్పుడు తడి ఆగితే అంత తాలే. గది గూడ కొలుస్తానరా?"

"నీళ్ళు, కరెంటు... ఇంతవరకే మా పని" అన్నాడు. మళ్ళీ తనే, "మాఫ్ చెయ్యుండ్రి" అన్నాడు. అబద్ధమాడే మనిషి కాదు. మొదటి రోజు నుంచి ఇతను మోసం చేస్తున్నాడని అనుకున్నాను. మోసమైతే తిట్టేవాణ్ణి. మెట్లు దిగి వచ్చాను.

బస్సులో పక్కన కేసముద్రం మిర్చి వ్యాపారి. దారంతా తుమ్ములే. మాట్లాడే బాధ తప్పింది.

మార్చి 12

యాదగిరితో మాట్లాడాను. బావి గట్టు మీద. మధ్యలో మోటారు ఉంచుకుని.

ఎడ్ల సంగతి, అలసట సంగతి చెప్పాను. విన్నాడు. నిజమేనన్నట్టు ఒకసారి తల ఊపాడు కూడా. తర్వాత —

"రోజంటే రోజేనే అన్నా. తాత పెట్టిన లెక్క. నేను దాటలే."

"దాటలేదు. నేనన్నది తప్పే. సగం పూట ఆపుతవా మరి?"

"ఆపితే నువ్వులు ఎండుతయి. ఇత్తనం అప్పుకు తెచ్చిన. ఆపితే ఆ సారు లెక్క గూడ చెడుతది, మోటారు గుంజుకపోతరు."

"నా వరి ఎండితే?"

బావిలోకి చూశాడు. నేనూ చూశాను. అడుగున మా ఇద్దరి తలకాయలు, చిన్నవి.

ఏమీ తేలలేదు.

మార్చి 14

మడి నెర్రెలు వేస్తోంది. వేలు దూరుతోంది.

మార్చి 16

నా వంతు. కాసేపు పారింది. ముందరి మూల తడిసింది. ఆ తర్వాత గాలి.

మార్చి 17

జీపు వచ్చింది. రెండు మోటార్లూ కొలుచుకుని పోయింది. డ్రమ్ము నింపడానికి నా మోటారుకు ఎక్కువసేపు పట్టింది కనుక వాళ్ళ లెక్క బాగా వచ్చి ఉంటుంది. నా వల్ల సర్కారుకు మంచి పేరు.

మునీర్ సారు రాలేదు.

మార్చి 19

యాదగిరి వంతు. వాళ్ళ వరి మడి నా మడికి పైన, మధ్యలో ఒక్క గట్టు. పొద్దున వెళ్ళేసరికి గట్టు తెగి ఉంది. వాళ్ళ నీళ్ళు నా మడిలోకి దిగుతున్నాయి. కొమురమ్మ కొంగు నడుముకు దోపుకుని అక్కడే కలుపు తీస్తోంది. తల ఎత్తలేదు.

"గట్టు తెగింది బావా. ఎలుకబొక్క కావచ్చు."

"ఊఁ."

ఎలుక తవ్విన గట్టు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఇది రెండు వైపులా పార పెట్టి కోసినట్టు నున్నగా ఉంది. యాదగిరి పంపితే వచ్చిందా? వాడికి తెలియకుండా వచ్చిందా? తెలియకుండా అయితే వాళ్ళ ఇంట్లో ఇంకో గొడవ. వాడే పంపితే... రేపు దీనికి ఏం అడుగుతాడు? అడగలేదు నేను. మోటారు నడుస్తూనే ఉంది. నెర్రెల్లోకి నీళ్ళు బుడబుడమని పోతుంటే గట్టు మీద కూర్చుని చూశాను. గట్టు పూడ్చాలి, అది మర్యాద. లేవలేదు.

లచ్చమ్మ సద్ది తెచ్చింది. కొమురమ్మను కూడా పిలిచింది. ముగ్గురం తిన్నాం. ఎలుక మాట ఎవరూ ఎత్తలేదు.

పొద్దు వాలుతుండగా యాదగిరి వచ్చాడు. అప్పటికి మడి నిండింది. గండి చూశాడు. నా వైపు చూడలేదు, ఆమె వైపు చూడలేదు. మట్టి వేసి తొక్కి పూడ్చాడు. నా మడిలో పార కడుక్కుని, భుజాన వేసుకుని ఇంటికి పోయాడు.