ఎండిన వాగుకి అరవై అడుగులు

ఆగస్టు 6
గెరిట్ హోక్‌స్ట్రా ఇంటి ముందు మట్టి తవ్వుతున్నాడు. రోడ్డు మీద నుంచే చూశాను. కారు ఆపలేదు. ఇంకాస్త తవ్వనీ అనుకున్నాను. మొన్న డైనర్‌లో అందరి ముందూ, అదిగో బురద పోలీసమ్మ వచ్చింది, బూట్లు దులుపుకోండర్రా అన్నది ఈయనే. అందరూ పగలబడి నవ్వారు. తవ్విన మట్టి కొట్టుకుపోయి మా ఊరి లేక్‌లో కలవకుండా, కౌంటీ ఆఫీసులో మట్టి కోత పర్మిట్లు చూసే ఉద్యోగం నాది. పందొమ్మిదేళ్లుగా చేస్తున్నాను.

ఆగస్టు 8, ఉదయం 10
వెళ్లాను. వాలు సగం కోసేశాడు. వీల్‌చెయిర్‌కి ర్యాంప్ అట. భార్య విల్మాకి పక్షవాతం వచ్చింది. ర్యాంప్ కడితే తప్ప ఇంటికి పంపేది లేదని నర్సింగ్ హోమ్ వాళ్లు తేల్చి చెప్పారట. పర్మిట్ ఏదండీ అంటే బిల్డింగ్ పర్మిట్ తీశాడు. అది ఇంటికి, మట్టికి వేరే ఉంటుంది అన్నాను. లేక్‌కి ఐదు వందల అడుగుల లోపైతేనే కదమ్మాయ్ మీ గొడవ, నేను టేపు పట్టి కొలిచాను, ఐదు వందల నలభై వచ్చింది అన్నాడు, గెలిచినవాడిలా.

నేనూ టేపు తీసి ఇంటి వెనక్కి నడిచాను. అక్కడో వాగు. వేసవిలో చుక్క నీరుండదు, పిల్లలు అందులో సైకిళ్లు తొక్కుతారు. తవ్విన చోటి నుంచి అరవై అడుగులు. లేక్ ఒక్కటే కాదు, వాగైనా లెక్కే అన్నాను. ఇందులో నీళ్లేవీ అన్నాడు. మ్యాప్‌లో ఉన్నాయి అన్నాను.

పని ఆపమని ఎర్ర కాగితం తలుపుకి అంటించాను. ఎంత హాయిగా ఉందో!

ఆగస్టు 19
అప్లికేషన్ తెచ్చాడు. ప్లాన్‌లో బురద నీళ్లు ఆపే గుడ్డ కంచె గీయలేదు. తిప్పి పంపాను.

ఆగస్టు 27
కంచె గీశాడు. కానీ గుడ్డ అంచు ఆరంగుళాలు మట్టిలో పాతుతానని రాయలేదు. పెన్ను నా టేబుల్ మీదే ఉంది, రాయించుకుంటే నిమిషం పని. తిప్పి పంపాను. ఇంటికెప్పుడు తీసుకెళతావని విల్మా రోజూ అడుగుతోంది మేడమ్, ఎత్తుకుని మెట్లెక్కిస్తానన్నా నర్సింగ్ హోమ్ వాళ్లు ఒప్పుకోవట్లేదు అన్నాడు.

మేడమ్ అన్నాడు!

సెప్టెంబర్ 5
మూడోసారి. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ట్రేలో అన్నిటికన్నా అడుగున పెట్టాను. రూలు ప్రకారం నాకు ముప్పై రోజుల గడువుంది.

సెప్టెంబర్ 16
విల్మా లైబ్రరీలో పనిచేసినన్నాళ్లూ మా అమ్మాయికోసం కొత్త పుస్తకాలు విడిగా దాచి ఉంచేది. ఇది రాయకుండా ఉండాల్సింది.

అక్టోబర్ 3
సంతకం పెట్టాను. ఇరవై ఎనిమిదో రోజు. ఎవరూ వేలెత్తి చూపలేరు. వచ్చి తీసుకెళ్లమని ఫోన్ చేస్తే, విల్మా మొన్న పోయింది మేడమ్ అన్నాడు. పర్మిట్ పోస్టులో పంపనా అని అడిగాను.

అక్టోబర్ 11
గెరిట్ ఆఫీసుకి వచ్చాడు. విల్మా అస్థికలు పెరట్లో పాతిపెట్టాలట. చిన్న గుంతే, పారతో నేనే తవ్వుతాను, దానికీ పర్మిట్ కావాలా మేడమ్ అని అడిగాడు.

అక్కర్లేదు. ఆ సంగతి నాకు తెలుసు.

అయినా ఫారం తీసి ఇచ్చాను.