నవ్వును ఒక్కచోటే దాచమనవద్దని మనవి

రేడియో కేంద్రం డైరెక్టరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మన కేంద్రపు శబ్దాల నిల్వకు ఏదో ఒకే సాధనమును ఎంపిక చేసి, తక్కిన వాటిలోని కాపీలు తుడిచివేయవలెనన్న తమ ఉత్తర్వును పునఃపరిశీలించుట గురించి; మరియు తమరు క్యాంపులో ఉండగా కార్యాలయంలో సంభవించిన నవ్వు గురించి.

శబ్దాల గది సంరక్షకురాలినైన నేను సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా, ఈ అర్జీలో అక్షరాలు అక్కడక్కడ వంకరగా పోయినచో అందుకు కారణం జ్వరం కాదు. నవ్వు ఆగకున్నది. మన్నించగలరు.

1. ఎస్‌ఎస్‌డి, హార్డ్ డిస్కు, టేపు, క్లౌడ్‌లలో ఒకదానిని ఎంచుకొని, కంప్యూటర్ విభాగపు ఇంజనీరు గారితో కలిసి ఇద్దరి సంతకాలతో సిఫార్సు పంపవలెనని తమరు ఆదేశించి క్యాంపునకు వెళ్లినారు. సదరు ఇంజనీరు గారిని ఈ భవనంలో అందరూ మబ్బుగారని పిలుస్తారు. ఏది ఇచ్చినా క్లౌడ్‌లో పెట్టేద్దాం అనడం ఆయన అలవాటు. నన్ను టేపులమ్మ అంటారు. ఈ రెండు పేర్లను బట్టే సంతకాలు ఎందుకు కుదరలేదో తమకు విశదమగును.

2. మా చర్చలు అధికారిక మర్యాదకు లోబడియే ప్రారంభమైనవి.

"మేడమ్, టేపంటే రైలుబండి లాంటిది. చివర ఉన్న శబ్దం కావాలంటే దారంతా తిప్పుకుంటూ పోవాలి. క్లౌడ్ అయితే పేరు కొట్టగానే ఎదురుగా ఉంటుంది," అన్నారాయన.

"నెట్ ఉంటే ఉంటుంది. నెట్ పోయిన రోజున మీ మబ్బు ఎక్కడ కురుస్తుందండీ? నా టేపు బీరువాలో పడుకుంటే కరెంటు అడగదు, నెలనెలా అద్దె అడగదు. పదేళ్ల తర్వాత లేపినా లేస్తుంది," అన్నాను నేను.

హార్డ్ డిస్కులో చోటు ఎక్కువ, ధర తక్కువ. కానీ లోపల పళ్లేలు గిరగిరా తిరుగుతూ ఉంటాయి, ఏదో ఒకనాడు అలిసి ఆగిపోతాయి. ఎస్‌ఎస్‌డిలో అన్నీ చిప్పులే, తిరిగేదేమీ లేదు. కన్నుమూసి తెరిచేలోగా పని చేస్తుంది, చిన్నాచితకా దెబ్బలకు చెదరదు. కానీ ఏళ్లతరబడి కరెంటు చూపించకుండా అల్మారాలో పడేస్తే దాచినది మరచిపోయే ప్రమాదం ఉంది. కనుక అది రోజువారీ ఎడిటింగుకే గాని దాపుడుకు పనికిరాదని ఇద్దరమూ ఒకేసారి అన్నాము. ఏకాభిప్రాయం వచ్చినందుకు ఇద్దరమూ ఉలిక్కిపడ్డాము.

వాదన తెగనందున ఆయన టీ కప్పు పట్టుకుని నా గదికి రాసాగారు. ఆఫీసు వదిలాక బస్ స్టాపు దాకా వాదించుకుంటూ వచ్చేవారు. నా బస్సు వచ్చి వెళ్లిపోయేది. దాని వెనక బస్సు కూడా వెళ్లిపోయేది. టేపు పక్షాన నా వాదన అంత బలంగా ఉండుట వలననే అట్లు జరుగుచున్నదని అప్పట్లో నేను నిజాయితీగా నమ్మినాను.

3. ఇక్కడ మా పెదనాన్న ప్రస్తావన అవసరమగుచున్నది. ఒకప్పుడు ఈ కేంద్రంలో పొద్దుటి ప్రసారం మొదలయ్యేది ఆయన గొంతుతోనే. గొంతుకు ఆపరేషన్ జరిగాక మాట పోయింది. ఇప్పుడు ఒళ్లో పలక పెట్టుకుని సుద్దముక్కతో మాట్లాడతారు, ఎదుటివాళ్లు చెప్పేది పూర్తికాకముందే జవాబు రాసేస్తారు. మాట పోయింది గాని నోటి దురుసు పోలేదని పెద్దమ్మ అంటుంది.

ఆయన చదివిన వాతావరణ వార్త ఒకటి శ్రోతలు ఈనాటికీ అడిగి వేయించుకుంటారు. "ఈశాన్య దిశగా ఓ మోస్తరు గాలులు" అని గంభీరంగా చదువుతుండగా స్టూడియోలో ఏదో దభీమని పడుతుంది. "గాలులు" అని మళ్లీ అందుకుంటారు. "గా..." అంటారు. ఇక అంతే, పడీ పడీ నవ్వుతారు. ఆ రోజు ఈశాన్యంలో ఏమైందో ఎవరికీ తెలియదు.

పెదనాన్నకు ఒక మనవరాలు. ఆపరేషన్ తర్వాత పుట్టింది. మొన్నీమధ్య అడిగిందట, "తాతా, నీ గొంతు ఎలా ఉండేది?" అని. పెదనాన్న పలక తీసుకుని ఏదో రాసి, తుడిచేశారు. ఆ తర్వాత నాకు రాసి చూపించారు: "అమ్మడూ, ఆ గాలుల వార్త పాపకు వినిపించు."

4. తాతామనవరాళ్లను వెంటబెట్టుకుని నేను శబ్దాల గదికి వచ్చాను. అసలు రికార్డింగు ఉన్న ఆ కాలపు స్పూలు చుట్ట ఏనాడో బూజుపట్టి పోయింది. కంప్యూటర్లోకి ఎక్కించినది హార్డ్ డిస్కులో ఉండేది. దాన్ని తెరవబోతే లోపల టక్ టక్ మంది. మరోసారి టక్ మంది. తర్వాత అది కూడా లేదు.

మబ్బుగారు చిరునవ్వుతో ముందుకు వచ్చారు. "కంగారు పడకండి మేడమ్, పైన ఉందిగా," అని క్లౌడ్ తెరిచారు. పేరు ఉంది, లోపల శబ్దం లేదు. ఆయన ముఖం పాలిపోయింది.

"ఏమైందండీ?"

"నేను పెట్టింది అద్దం లాంటి ఏర్పాటు మేడమ్. కింద ఎలా ఉంటే పైన అలా ఉంటుంది. డిస్కు పోతూ పోతూ ఫైలును పాడుచేసింది. అది బుద్ధిగా ఆ పాడైనదాన్నే పైకి ఎక్కించుకుంది. పాత ప్రతి కూడా ఉంచమని విడిగా చెప్పాలి. చెప్పలేదు."

పాప ఆయన్నీ, నన్నూ, కంప్యూటర్నీ చూసింది. "తాత గొంతు మళ్లీ పోయిందా?" అని అడిగింది.

పెదనాన్న వెంటనే రాశారు: "ఫరవాలేదు. నాకు అలవాటే."

అయ్యా, ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నేను ఆ గదిలో లక్ష శబ్దాలు విన్నాను. ఆ సుద్దముక్క గీసిన చప్పుడు మాత్రం వినలేకపోయాను.

5. అప్పుడు నేను నా బీరువా తెరిచి కంప్యూటర్ టేపు క్యాసెట్ తీశాను. రికార్డింగు కాపీ అందులో ఉన్నదని రూఢిగా తెలియును. మబ్బుగారిని గెలిచానన్న గర్వంతో చెయ్యెత్తి చూపించాను కూడా. ఆయన మెల్లగా, "దీన్ని చదివే డ్రైవ్ ఏదండీ?" అని అడిగారు. డ్రైవ్ స్టోరు గదిలో ఉంది. పాడై, దాని మీద ఫ్యాను రెక్కలు పెట్టి ఉన్నాయి. చదివే యంత్రం లేని టేపు బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకోవడానికి తప్ప పనికిరాదు. చెయ్యి దించేశాను.

ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ఫోను తీసి తెలిసిన ఆఫీసులన్నిటికీ చేయసాగారు. ఆఖరికి అటువంటి డ్రైవ్ వాతావరణ కార్యాలయం వారి దగ్గర ఉన్నదని తేలింది. ఏం రికార్డింగు కోసమని వారడిగితే, "మీ వార్తేనండీ, సగంలో ఆగిపోయింది," అన్నారట.

మర్నాడు పొద్దున్నే దానిని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చారు. సామానుకు టికెట్ తీసుకోమని కండక్టరు గద్దించాడట. "ఇది సామాను కాదు బాబూ, దీంతో ఒక పెద్దాయన గొంతు వెనక్కి తేవాలి," అన్నారట. కండక్టరు టికెట్ కొట్టనే కొట్టాడు గాని, సీటు కూడా ఇప్పించాడు.

6. తాతామనవరాళ్లు మళ్లీ వచ్చాక టేపు తిరగసాగింది. అది నిజంగా రైలుబండే. అంత నెమ్మది వస్తువును ఇన్నేళ్లుగా వెనకేసుకొచ్చిన నన్ను నేనే తిట్టుకున్నాను. మబ్బుగారు మాత్రం "రానివ్వండి, రానివ్వండి, తొందరేముంది," అని టేపుకు ధైర్యం చెప్పారు.

వచ్చింది. "ఈశాన్య దిశగా ఓ మోస్తరు గాలులు..."

పాప నోరు తెరిచి తాతను చూసింది. స్పీకరును చూసింది. మళ్లీ తాతను చూసింది. పెదనాన్న పెదవులు ఆ మాటలకు సరిగ్గా కదులుతున్నాయి. దభీమని శబ్దం. "గా..." అంటూ స్పీకరులో నవ్వు మొదలైంది. ఇటు పెదనాన్న శబ్దం లేకుండా భుజాలు ఎగరేసి నవ్వుతున్నారు. పాప కిలకిలా నవ్వింది. ఒకే మనిషి నవ్వు సగం స్పీకరులో, సగం కుర్చీలో ఉంది, రెండిటి మధ్యా పాప గెంతుతోంది. వార్తల విభాగం వారు వచ్చారు, క్యాంటీనాయన గరిటెతో సహా వచ్చాడు. ఎందుకో తెలియకుండానే అందరూ పొట్ట పట్టుకున్నారు. నేనూ మబ్బుగారూ ఒకరి భుజం ఒకరం పట్టుకుని నవ్వాము. నవ్వడం అయ్యాక కూడా చేతులు తీయడం ఇద్దరికీ గుర్తు రాలేదు.

రెండోసారి వేసినప్పుడు మబ్బుగారు చెవి ఒగ్గి, "ఆ దభీమన్న తర్వాత ఎవరో మాట్లాడుతున్నారు," అన్నారు. శబ్దం పెంచాము. "అమ్మో నడుమూ... సారీ, సారీ..." అని ఒక లేత గొంతు.

"ఎవరిది పెదనాన్నా?"

పెదనాన్న తీరిగ్గా రాశారు: "అప్పుడే చేరిన ట్రైనీ. కుర్చీ విరిగి పడ్డాడు. ఇప్పుడు మీ డైరెక్టరు."

గది మొత్తం ఆ పలక మీదికి వంగినది. తదుపరి ఏమి జరిగినదో ఊహించుకొనుటను తమ విజ్ఞతకే వదలుచున్నాను. అట్లు నవ్వినందుకు సిబ్బంది తరఫున క్షమాపణ కోరుచున్నాను. మబ్బుగారు మాత్రం కోరుట లేదు, ఆయన ఇంకా నవ్వుచున్నారు. తమరు "సారీ" చెప్పినది తమను నిలబెట్టబోయిన పెదనాన్నకు కాదనియు, కుర్చీకనియు ఆయన లిఖితపూర్వకంగా ధ్రువీకరించినారు.

7. కావున ప్రార్థన ఏమనగా, నాలుగింటిలో ఒకటి అనునది మా వల్ల కాదు. ఒక్కొక్కటి ఒక్కొక్క విధంగా పోతుంది, అన్నీ ఒకేసారి పోవడం అరుదు. రోజువారీ పనికి ఎస్‌ఎస్‌డి, అన్నీ చేరవేసుకోవడానికి హార్డ్ డిస్కు, పాత ప్రతులు కూడా ఉంచే షరతుతో క్లౌడ్, ఇక వేరే భవనంలో ఒక బీరువా, అందులో టేపు, దాని పక్కనే దాన్ని చదివే డ్రైవ్ మంజూరు చేయవలెను. అప్పుడప్పుడు నిజంగా తెరిచి వినుటకు అనుమతించవలెను. ఈ సిఫార్సు మీద ఇద్దరమూ సంతకాలు చేసినాము. పెన్ను ఒకటే ఉన్నందున కొంత ఆలస్యమైనది.

సదరు గాలుల వార్తను ఇప్పటికే పై అన్నిటిలోనూ ఎక్కించినాము. ఇకమీదట ఎవరు ఏ ఒక్కచోట తుడిచినా అది పోదు. ఈ విషయంలో తమరు పూర్తిగా నిశ్చింతగా ఉండవచ్చును.

తమరు సావకాశంగా కూర్చుని ఈ మనవిని చిత్తగించవలెనని,

తమ విధేయురాలు,
శబ్దాల గది సంరక్షకురాలు

తా.క.: అయ్యా, ఒక చిన్న సంగతి. ఒక కాపీ వేరే భవనంలో ఉండాలని రాశాం కదా. అది చదివి, దానికి కాపలాగా మా ఇద్దరిలో ఒకరిని అక్కడికి బదిలీ చేద్దామని తమకు తోచవచ్చు. వద్దండీ. బాబ్బాబు, వద్దు. ఇవాళ మధ్యాహ్నం బీరువాకు తాళం వేస్తుంటే ఆయన "మనం పెళ్లి చేసుకుందామా?" అని అడిగారు. నేను ఎప్పట్లాగే కాదని వాదించబోయి, వాదన దొరక్క సరే అనేశాను. దూరంగా ఉంచాల్సింది టేపునండీ, మమ్మల్ని కాదు.