మీ సర్వరు క్షేమమే

12-10-2006

శ్రీవారికి నమస్కారాలు.

అందరం క్షేమం. అందరికంటే ముందు మేడ మీది మీ సర్వరు క్షేమం. మీ ఉత్తరంలో మొదట అడిగింది దాన్నే కాబట్టి జవాబూ ముందు దానికే. నిన్న పొద్దున వరకు నడుస్తూనే ఉంది. ఇదంతా ఫోనులో చెప్పొచ్చు కదా అంటారు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మారే దాని ఇంటర్నెట్ అడ్రసు అంకెలు నేను చదివి, మీరు తిరిగి అప్పజెప్పేలోపే మీ ఆఫీసు వేళైపోతుంది. మనం మొగుడూ పెళ్లాల్లాగా మాట్లాడుకుని ఎన్నాళ్లయిందో మీరే చెప్పండి.

పోయిన వారం కరెంటు వచ్చాక కూడా సర్వరు సగం రోజు ఎందుకు లేవలేదని అడిగారు. చికున్‌గున్యా వచ్చిన మనిషి మేడ మెట్లెక్కడానికి అంతసేపు పట్టింది. ఊరంతా కుంటుతోంది, నేనేం గొప్ప కాదు. ఒక్కో మెట్టు మీద కూర్చుంటూ పైకి పోయి, మీరు సర్వరుగా మార్చిన పాత కంప్యూటరు ముందు కూలబడి, మీరు నేర్పిన పైథాన్ ప్రోగ్రాము ముక్క వాచిన వేళ్లతో టైపు చేసి లేపాను. మీరు బెంగళూరులో దాన్ని తెరిచి, మీ వికీలో, అదే ఆ ఇంటర్నెట్ నోటుపుస్తకంలో, మీ చదువులూ ఆలోచనలూ రాసుకున్నారు. అంతా సొంతంగా కట్టుకున్నారని మీ స్నేహితులు తెగ మెచ్చుకుంటారట. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.

ఇక వికీ మొదటి పేజీని పాడు చేసింది నువ్వేనా అని అడిగారు. నేనే. పేజీ కింద 'మార్చు' అన్న బొత్తాం పెట్టింది మీరు. ఎవరైనా రాయవచ్చు, అదే దీని గొప్ప అని పెళ్లైన కొత్తలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిందీ మీరే. ఫోనులో చెబితే చెవికెక్కలేదు, రోజూ చూసే చోట రాస్తే కంటికైనా ఆనుతుందని, 'జ్వరం తగ్గలేదు, ఒక్కసారి వచ్చి పోండి' అని రాశాను. మీరు చదివారు. చదివి తుడిచేశారు. పైగా ఇంటి గొడవలు దాంట్లో పెట్టకూడదని ఉత్తరం రాశారు. మీ సొంత సంగతులకే కట్టుకున్న వికీ అది. పెళ్లాం జ్వరం మీ సొంత సంగతి కాదన్న మాట. నాకు ఒళ్లు మండింది. ఇప్పుడూ మండుతూనే ఉంది.

ఆదివారం మీ చిన్నాన్న కొడుకు ప్రదీప్‌కుమార్ బెంగళూరు నుంచి వచ్చాడు. కాఫీ తాగుతూ, "వదినా, అన్న తీసుకున్న ఇల్లు శానా బాగుండాది. రెండు గదులు. నువ్వెప్పుడు పోతాండావు?" అన్నాడు. ఇల్లు దొరకలేదని, నలుగురితో ఒకే గదిలో సర్దుకుంటున్నానని కదా మీరు నాకు రాస్తూ వచ్చింది. నా మొహం చూసి పాపం అతను గ్లాసు కింద పెట్టేశాడు. అతను పోయాక మీ అమ్మను అడిగాను. ఆమె దాచలేదు. చాటలో బియ్యం ఏరుతూనే, "నువ్వూ పోతే ఆ మిషను ఎవురు లేపుతారే? వాడే చెప్పినాడు, కొన్నాళ్లు ఆగమని" అంది.

ఇంక నేనూ దాచను. ఈ ఉత్తరం కర్నూలులో మీ ఇంటి నుంచి రాయడం లేదు. నిన్న పొద్దున కోయిలకుంట్ల బస్సెక్కి పుట్టింటికి వచ్చేశాను. మీ అమ్మతో చెప్పే వచ్చాను. మీ సర్వరును ఆపలేదు, ఒక్క వైరు కూడా పీకలేదు. మళ్లీ కరెంటు పోయే దాకా నడుస్తుంది. ఆ తర్వాత లేపే వాళ్లు లేరు, మీ అమ్మ మెట్లెక్కలేదు. ఈ ఉత్తరం అందేసరికి అది ఆగిపోయిన సంగతి మీకు తెలిసిపోయే ఉంటుంది. పరుగెత్తుకుని వస్తారనీ నాకు తెలుసు.

అందుకే ఒక్క మాట. మీరెక్కే బస్సు అనంతపురంలో ఆగుతుంది. అక్కడ దిగి, తాడిపత్రి మీదుగా కోయిలకుంట్ల పోయే బస్సు పట్టుకుంటే నా దగ్గరికి వస్తారు. దిగకుండా కూర్చుంటే నేరుగా కర్నూలు, మేడ మీది మిషను దగ్గరికి పోతారు. ముందు దాన్ని లేపి, ఆ తర్వాత తీరిగ్గా ఇక్కడికి వచ్చేటట్టయితే రావొద్దు. మా అమ్మ తలుపు తీసినా నేను బయటికి రాను.

ఇట్లు,
ఇప్పటికైతే మీ భార్య,
శ్రీవిద్య