బావగారి గుండె చప్పుడు

కాశీబుగ్గ,
గురువారం

నా మొండి గురువు సుధకి,

ఈ వంకర అక్షరాలు చూసి కంగారు పడకు. కుడి మణికట్టు కట్టు విప్పి వారమైంది. వేళ్ళు కొయ్యబారిపోయాయి, రోజూ ఒక పేజీ చేత్తో రాస్తే గానీ దారికి రావన్నాడు డాక్టరు. బడిలో పిల్లల చేత కాపీరైటింగు రాయించి రాయించి చంపే తెలుగు టీచర్ని, ఇప్పుడు నా వంతొచ్చింది. పైగా నీకు చెప్పాల్సింది ఫోన్లో చెప్పేది కాదు. మా అత్త జీవరత్నమ్మకి చూపు తగ్గింది గానీ చెవులు పాము చెవులు.

మా అమ్మ కిడ్నీ జబ్బుతో ఎలా పోయిందో నువ్వు దగ్గరుండి చూశావు. అందుకే నాకు బీపీ ఉందని తెలిసిన వారానికే విశాఖపట్నం నుంచి నీ పాత రోడ్డు సైకిలు బస్సు మీద ఎక్కించి పంపావు. టెక్కలి కాలేజీలో నా రికార్డులకి బొమ్మలు గీసిపెట్టినట్టే, రోజూ ఫోన్ చేసి పాఠాలు చెప్పావు. పెద్ద గేరులో ఈడ్చుకుంటూ పోకు, మోకాళ్ళు అరిగిపోతాయి, చిన్న గేరు వేసి కాళ్ళు తేలిగ్గా, చకచకా తిప్పు, దాన్నే కేడెన్స్ అంటారు అన్నావు. పక్కవాళ్ళతో మాట్లాడగలిగినంత వేగం చాలన్నావు. గుండె ఎంత కొట్టుకుంటోందో చూసుకోమని ఛాతీకి కట్టుకునే పట్టీ, దాని లెక్క చూపించే వాచీ కూడా ఇచ్చావు. మట్టి అంచుకి అతుక్కోకు, డ్రైవర్లకి కనబడే చోట తొక్కు అన్నావు. అన్నీ విన్నాను సుధా. ఆ రోజు నెత్తిన హెల్మెట్ ఉంది, ఒంటి మీద నారింజ రంగు చొక్కా ఉంది, సీటు వెనక ఎర్ర లైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. అయినా ఇంటికి తిరిగొస్తూ హరిపురం దాటాక, జీడితోటల మధ్య పల్లంలో, వెనక నుంచి వచ్చిన వాను నా హ్యాండిల్‌ని ఈడ్చుకుని పోయింది.

వాను ఎవరిదో తెలియదని ఇంతకాలం అందరితో పాటు నీకూ చెప్పాను. రోడ్డు మీద పడి తలెత్తి చూస్తే నాకు కనబడ్డవి వాను వెనక పసుపుపచ్చ అక్షరాలు. చదవలేకపోయాను. కానీ అలాంటి అక్షరాలు మా ఇంటి ముందే రోజూ చూస్తాను. మా చర్చి సంఘంలో కొత్త సంవత్సరం ఆరాధనలో ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో బైబిలు వాక్యం చీటీ తీసుకుంటారు. అదే ఆ ఇంటికి ఆ ఏటి వాగ్దానం. మా ఆయన సైలస్‌కి అన్నగారు, పక్క వాటాలో ఉండే లూకా బావగారు, సోంపేట వైపు తోటల నుంచి పలాసకి కొబ్బరికాయల వాను నడుపుతారు. దారిలో దేవుడు తోడుంటాడన్న వాక్యం ఆయనకి వచ్చిందని మురిసిపోయి, పసుపు రేడియం అక్షరాలతో వాను వెనక వేయించుకున్నారు.

నన్ను ఆసుపత్రిలో చేర్చిన గంటకి బావగారు కొబ్బరిబోండాలు పట్టుకుని వచ్చారు. "ఏ ఎదవోగానీ, ఆడి సేతులు ఇరిగిపోను. ఆపకుండా ఎల్లిపోనాడు సూడు" అని నా మంచం పక్కన నిలబడి తిట్టారు. నా నోట్లో స్ట్రా పెట్టారు. నేను తాగాను కూడా. ఇంటికొచ్చాక కిటికీలోంచి చూస్తే వాను వెనక అక్షరాలు లేవు. పెయింటు మీద గీకిన గీతలున్నాయి. అడిగితే, "ఇవా" అని ఇంట్లో నన్ను పిలిచే ముద్దుపేరుతోనే పిలిచి, "పాతబడిపోనాయి, కొత్తవి ఏయించాలి" అన్నారు. ఏడాది మధ్యలో వాగ్దానం పాతబడుతుందా? డిసెంబరు ఆఖరి ఆరాధన దాకా దాన్ని గోరుతో కూడా గీకరు మావాళ్ళు. తుఫానుకి పైకప్పు ఎగిరిపోయినా గోడ మీది వాగ్దానం కార్డు తీయరు.

ఇప్పుడు సంగతి ఇది. నేను బతికినందుకు మా అత్త వచ్చే నెల మొదటి ఆదివారం ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టింది. సంఘమంతా వస్తుంది, బిర్యానీ వండిస్తుంది. ప్రార్థన చేసేది పెద్దకొడుకూ సంఘ పెద్దా అయిన లూకా బావగారు. నన్ను రోడ్డు మీద పారేసిపోయిన మనిషి, నన్ను కాపాడినందుకు దేవుడికి కళ్ళు మూసుకుని వందనాలు చెబుతాడు. నేను తల వంచి ఆమెన్ అనాలి. అనను సుధా. ఆ ప్రార్థన ఆ నోట్లోంచి రానివ్వను. ఇది నా పగ అనుకో, పంతం అనుకో.

చెయ్యి నొప్పిగా ఉన్నా కోపం తగ్గని
నీ ఇవాంజెలిన్


కాశీబుగ్గ,
మంగళవారం

నన్ను తిట్టే హక్కున్న సుధకి,

నీ ఉత్తరంలో సగం తిట్లే. ఇంతకాలం ఎందుకు మింగావే అని ఒకటి, పోలీసులకి చెప్పమని ఒకటి. చెప్పి ఏం చూపించను? పసుపు అక్షరాలు ఈ రోడ్డు మీద వానులన్నిటికీ ఉంటాయి. గీకిన గీతలు చూసి మా సంఘం వాళ్ళయితే అనుమానిస్తారు, ఎస్సై గారు నవ్వుతారు. సైలస్‌కి చెప్పాను. ఆయన తల పట్టుకుని కూర్చుని, "అన్నయ్య అలా సెయ్యడు ఇవా. సేసుంటే సెప్పేత్తాడు" అన్నారు. ఆ తర్వాత నెమ్మదిగా, "ఆ సైకిలు అమ్మేద్దామా" అన్నారు. గుద్దినవాడి వాను తిరుగుతుంది, గుద్దించుకున్నదాని సైకిలు అమ్మాలి. బాగుంది కదూ న్యాయం. ఆ రోజు నుంచి ఆయనకి కూరలో ఉప్పు వేయడం మానేశాను. బీపీకి మంచిదని చెప్పాను.

దేవుడు నా పక్షాన ఉన్నాడో, సైతానే ఉన్నాడో గానీ, మొన్న వైద్య శిబిరంలో బావగారికి బీపీ ఎక్కువ తేలింది. మామగారు పోయింది కిడ్నీలు పాడయ్యే కాబట్టి మా అత్త ఒకటే ఏడుపు. డాక్టరు రోజూ ఒళ్ళు కదిలించాలన్నాడట. నేను అన్నం వడ్డిస్తూ, "బావగారికి సైకిలు నేను నేర్పుతాను అత్తా. నా సైకిలు బాగు చేయించాను" అన్నాను.

బావగారి చేతిలో ముద్ద ఆగిపోయింది.

"నాకేటి ఇవా, ఈ వయసులో" అన్నారు.

"నీ వయసేటి, ముసిలోడివా? మరదలు అంత దెబ్బ తిని మళ్ళీ ఎక్కుతానంటంది. నీకేటి భయం?" అంది అత్త. పాపం, ఆవిడకేమీ తెలియదు.

ఎదురు చెప్పడానికి ఆయన దగ్గర కారణమేమీ లేదు. ఉన్న ఒక్క కారణం చెప్పలేడు. శనివారం ఉదయం బయల్దేరుతున్నాం. ఆయన గుద్దిన సైకిలు మీద ఆయన్నే కూర్చోబెట్టి, ఆ రోడ్డు మీదికే తీసుకెళ్తాను. నేను పక్కింటి తేజ సైకిలు అడిగి తెచ్చుకున్నాను. ఛాతీ పట్టీ ఆయనకి, వాచీ నాకు. పక్కన లారీ రాసుకుపోతే మనిషికి లోపల ఎలా ఉంటుందో నేను అంకెల్లో చదువుకుంటాను. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను సుధా. నన్ను మంచిదాన్ననుకోకు.

శనివారం కోసం ఎదురుచూస్తున్న
ఇవాంజెలిన్


కాశీబుగ్గ,
శుక్రవారం

సుధకి, నీ శిష్యురాలు సుఖంగా రాస్తున్నది,

అన్నీ అయిపోయాయి. వరసగా చెబుతాను, మధ్యలో ఫోన్ చేయకు.

శనివారం పొద్దున్నే ఆయన హెల్మెట్ వద్దన్నారు. నేనే బలవంతంగా పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించాను. పగ వేరు, హెల్మెట్ వేరు. ఎర్ర లైటు కూడా వెలిగించాను. పక్కకి జరిగేముందు భుజం మీదుగా వెనక్కి చూడండి, చెయ్యి చాపి చూపించండి, అంచున ఉన్న ఇసుక మీదికి పోకండి అని నువ్వు నాకు చెప్పినవన్నీ చెప్పాను. ఆయన ముందు, నేను వెనక. కాశీబుగ్గ దాటేలోపే ఆయాసం. "ఈ సైకిలింత బరువేటి ఇవా" అన్నారు. "అలవాటైపోతాది బావగారూ" అన్నాను.

మొదటి లారీ హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి పోయేసరికి ఆయన భుజాలు చెవుల దాకా లేచాయి. వాచీలో అంకె నూట యాభైకి ఎక్కింది. నాకు తీపి తిన్నట్టయింది. ఆ తర్వాత బస్సు, ఆ తర్వాత ఇసుక ట్రాక్టరు. ఒక్కొక్కటి పోతుంటే "ఆళ్ళకి కళ్ళు కనబడవేటి" అని తిడుతున్నారు. రోజూ మూడు పూటలా ఆయన నడిపేదీ అలాగే. నేను వాచీ చూసుకున్నాను.

హరిపురం దాకా వెళ్ళాం. టీ తాగాం. తిరుగుదారిలో జీడితోటలు మొదలయ్యాయి, పల్లం వచ్చింది. పల్లంలో కాళ్ళు ఆపితే ఎవరి గుండైనా నెమ్మదిస్తుంది, నువ్వు నేర్పిన పాఠమే. ఆయన కాళ్ళు ఆపేశారు. సైకిలు దానంతట అదే దొర్లుతోంది. వెనక బండి లేదు, ఎదురుగా కుక్క కూడా లేదు. వాచీలో అంకె మాత్రం పెరుగుతూనే ఉంది. నూట ముప్పై, నూట నలభై ఐదు, నూట అరవై. నేను ఎక్కడ పడ్డానో ఇంట్లో ఎవరికీ సరిగ్గా చెప్పలేదు సుధా. తోటల దగ్గర అని మాత్రమే చెప్పాను. ఆయన గుండెకి మాత్రం ఆ చోటు తెలుసు.

సరిగ్గా అక్కడ నేను బెల్లు కొట్టి, "ఆగండి బావగారూ" అన్నాను. ఆగారు. వాచీ ఆయన ముఖం ముందు పెట్టాను.

"ఇప్పుడు లారీ ఏదీ రాలేదు. మీ గుండె ఎవర్ని చూసి కొట్టుకుంటోంది?"

ఆయన సైకిలు నెమ్మదిగా పక్కన పడుకోబెట్టి, జీడిచెట్టు కింద కూర్చున్నారు.

"నానే ఇవా. ఫోను మోగితే కిందికి సూసినాను. టక్ మంది. అద్దంలో సూత్తే నువ్వు లేసి కూకున్నావు. నారింజ సొక్కా సూసి నువ్వేనని తెలిసిపోనాది. బతికున్నావు గదాని ఎల్లిపోనాను. సంఘ పెద్దనని భయమేసింది."

అద్దంలో చూశాడట. నేనని తెలిసే వెళ్ళిపోయాడట. తెలియక వెళ్ళిపోయాడనే చిన్న ఆశ నాలో ఎక్కడో ఉన్నట్టుంది, అది అక్కడే చచ్చింది. ఆసుపత్రిలో నా నోట్లో స్ట్రా పెట్టిన చెయ్యి అదే కదా. కొట్టాలనిపించింది. మణికట్టు ఇంకా బాగవలేదు, లేకపోతే కొట్టేదాన్నే.

"అమ్మకి సెప్పకు" అన్నారు.

"నేను చెప్పను. రేపు కూడికలో సాక్ష్యం నా వంతు. నా బదులు మీరు లేచి చెబుతారు. లేవకపోతే అప్పుడు నేను లేస్తాను" అన్నాను.

ఆదివారం ఇంటి నిండా జనం, బయట షామియానా, బిర్యానీ వాసన. పాటలయ్యాక పాస్టరుగారు, "సహోదరి ఇవాంజెలిన్ సాక్ష్యం చెబుతుంది" అన్నారు. నేను లేవలేదు. అందరూ నా వైపు తిరిగారు. సైలస్ నా మోచేయి పొడిచారు. చిట్టచివరి వరసలో కుర్చీ జరిగిన చప్పుడైంది. బావగారు లేచారు. ఫోను, టక్ మన్న చప్పుడు, అద్దం, బోండాలు, గీకేసిన వాగ్దానం, ఏదీ వదలకుండా చెప్పారు. నేను జాలిపడలేదు. సైలస్ మాత్రం నా మోచేయి వదిలి నా చెయ్యి పట్టుకుని, పిల్లాడిలా ఏడ్చారు.

అప్పుడు మా అత్త లేచింది. కర్ర పట్టుకుని నడుచుకుంటూ పెద్దకొడుకు దాకా వెళ్ళి, అందరూ వినేలా అంది: "ఒరే లూకా, ఇయ్యాల ప్రార్థన తమ్ముడు సేత్తాడు. నువ్వు ఎంగిలాకులెత్తు."

సంఘ పెద్ద, తెల్లచొక్కా మనిషి, మూడు పంక్తుల ఆకులు ఎత్తారు. నా ఆకు దగ్గరికి వచ్చినప్పుడు కావాలనే నెమ్మదిగా తిన్నాను. వంగి నిలబడే ఉన్నారు. ఆఖరి మెతుకు దాకా తిని అప్పుడు వదిలాను. సోమవారం సైలస్‌ని వెంటబెట్టుకుని స్టేషనుకి వెళ్ళి అక్కడా చెప్పుకున్నారు, కేసు రాశారు. జరిగేది జరుగుతుంది.

క్షమించావా అని అడుగుతావు, నాకు తెలుసు. మా పాస్టరుగారూ అడిగారు. ఇంకా లేదు. కానీ ఇవాళ పొద్దున బావగారు గుమ్మం బయట నిలబడి, "ఇవా, రేపు శనివారం. నన్ను తీసుకెల్తావా?" అని అడిగారు. బీపీ కొంచెం తగ్గిందట. రోడ్డు మీద సైకిలు కనబడితే ఇప్పుడు వాను అవతలి గీత దాకా జరిపి పోతున్నానన్నారు. సరే అన్నాను. మందస దాకా పోతాం, పొద్దున్నే ఎదురుగాలి.

సైకిలు ఎందుకింత బరువని మళ్ళీ అడిగారు. ఆ సైకిలుని మొదటిరోజే అన్నిటికంటే పెద్ద గేరులో పెట్టి ఉంచాను సుధా. చిన్న గేరు ఒకటుందని ఆయనకి ఇంకా చెప్పలేదు. ఎప్పుడో ఒక శనివారం చెబుతాను.

తేలిగ్గా తొక్కుకుంటున్న
నీ ఇవాంజెలిన్